కుడిపక్కకు కుట్టిన పరుపు

అచ్చంపేటకు దక్షిణాన, నల్లమల అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ఊరికి నన్ను పంతొమ్మిదివందల యాభై ఎనిమిదిలో ఉపాధ్యాయుడిగా వేశారు. బడి అంటే ఒక పెంకుటిల్లు, నాలుగు బల్లలు, ఒక తాళం. మారయ్య అనే రైతు తన ఇంటి బయటి అర్ర నాకు కిరాయికిచ్చాడు. లోపల మారయ్య, అతని భార్య జానమ్మ, మారయ్య అక్క నాగులమ్మ ఉండేవారు.

పెళ్లయిన రెండేళ్లకే భర్త పోగా పుట్టింటికి చేరిన నాగులమ్మ ఇరవై ఏళ్లపాటు తమ్ముడి చేలో కలుపు తీసింది. నేను రావడానికి ముందటేడు మిద్దె మీద మిరపకాయలు ఎండబోయడానికి నిచ్చెన ఎక్కి, జారి పడింది. ఎడమ తుంటి విరిగింది. కట్టు కట్టినవాడు ఎముకను ఎలా అతికించాడో కాని, ఆ తర్వాత ఆమె ఎడమపక్కకు ఒరగలేకపోయింది. వెల్లకిలా పడుకుంటే నడుములో పొడిచినట్టయ్యేది. ఇక మిగిలింది కుడిపక్క ఒక్కటే.

ఒకే పక్కకు పడుకునేవారి శరీరభారమంతా రెండు ఎముకల మీదనే పడుతుంది: భుజం, తుంటి. ఆమెకున్నది నులకమంచం, దాని మీద పాత చీరలతో కుట్టిన బొంత. పొర మీద పొర పడి ఆ బొంత చెక్కలా బిరుసెక్కింది. ఎండాకాలం పెనంలా కాగేది. తెల్లవారేసరికి ఆమె మంచం పట్టె మీద కూర్చొని భుజం నిమురుకుంటూ కనిపించేది.

పరుపు అన్న మాట 'పఱచు' ధాతువు నుంచి పుట్టింది. పూర్వం బండి ఱకారంతో రాసేవారు. ఆ అక్షరం పోయినందుకు నాకిప్పటికీ చింతే. బడిపిల్లలు 'పర్పు' అని రాస్తే కొట్టివేసి పదిసార్లు రాయించేవాణ్ణి. ఆ పిల్లల్లో పరుపు మీద పడుకున్నవాడు ఒక్కడూ లేడన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

నాగులమ్మ తనకు తానే పరుపు కుట్టుకోవాలనుకుంది. మొదట వరిగడ్డి నింపింది, పుల్లలు గుచ్చుకున్నాయి. తర్వాత పత్తి నింపింది. నెల తిరక్కుండానే ముద్దకట్టి, ఉడుకెత్తింది. జిల్లేడు దూది ఏరింది. రెండు నెలలు ఏరినా తలగడైనా నిండలేదు. అప్పుడు అడవిలో పెంట అని పిలిచే చెంచుల గూడెం నుంచి తేనె తెచ్చే రామమ్మ బూరుగు దూది సంగతి చెప్పింది.

"గది సల్లగుంటది, మెత్తగుంటది. కాయ పలగకముందే కొయ్యాలె. పలిగిందంటె గాలే తీస్కపోతది" అంది రామమ్మ.

ఉప్పు, జొన్నలు తీసుకొని రామమ్మ ఏటా చైత్రంలో రెండు గంపల కాయలు తెచ్చేది. బూరుగును సంస్కృతంలో శాల్మలి అంటారు. పాపులను ముళ్ల శాల్మలికి కట్టి ఈడ్చే నరకమొకటి ఉందని పురాణాలు వర్ణిస్తాయి. కాండం నిండా ముళ్లు, కాయ నిండా మెత్తని దూది, ఒకే చెట్టు. ఈ విషయం నాగులమ్మకు చెబితే, "ముండ్లు వాళ్లకు, దూది నాకు" అని నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది తక్కువ.

జానమ్మకు ఈ పని కంటగింపుగా ఉండేది.

"ఏందొదినె, దొరసానివైతున్నవా? మేం బొంతల మీద పండుకుంటలేమా?"

"నీకు రెండు పక్కలున్నయ్ పిల్లా. నాకొక్కటే ఉంది."

పరుపు కొలత తీసుకున్న తీరు నన్ను అబ్బురపరచింది. వాగు ఇసుక జల్లెడ పట్టి, వాకిట్లో పరచి, తడిపి, దాని మీద కుడిపక్కకు పడుకుంది. తర్వాత రామమ్మ చేయిపట్టుకొని లేచి, ఇసుకలో పడ్డ ముద్రను వేళ్లతో కొలిచింది. భుజం దగ్గర లోతు, నడుము దగ్గర ఏమీ లేదు, తుంటి దగ్గర మరింత లోతు. ఆ కొలతకు సరిపడా మూడు సంచులు కుట్టింది. భుజం కింద, తుంటి కింద దూది వదులుగా, నడుము కింద దట్టంగా కూరింది. అరిగి పల్చబడిన పంచెలను రెండు పొరలు వేసి, దూది పైకి రాకుండా లోపలివైపు గంజి పూసింది. సంచికీ సంచికీ నడుమ నాలుగు వేళ్ల సందు విడిచి, మూడింటినీ పట్టీలతో కలిపి కుట్టింది. నులక కింది గాలి ఆ సందుల్లోంచి పైకి రావాలని. మూడు ఎండాకాలాలు పట్టింది.

అరవై ఒకటి వేసవిలో, పరుపు మీద పడుకున్న మర్నాడు, పొద్దెక్కినా ఆమె లేవలేదు. జానమ్మ భయపడి భుజం పట్టి కుదిపింది.

"ఏమైందొదినె?"

"ఏం కాలే. నిద్రవోయిన" అంది నాగులమ్మ, తానే నమ్మలేనట్టు.

ఊరి ఆడవాళ్లు వచ్చి దాన్ని అరచేత్తో నొక్కి చూసి వెళ్లేవారు. నాగులమ్మ పెరట్లో ఉన్నప్పుడు జానమ్మ దాని మీద నడుము వాల్చేది. ఏడాదిపాటు నాగులమ్మ మనిషిలా నిద్రపోయింది.

అరవై రెండు వైశాఖంలో ఆమెకు జ్వరం తగిలింది. ఎనిమిదో రోజుకు గొంతులో గురక మొదలైంది, గంజి దిగలేదు. ఆ ప్రాంతంలో మనిషి మంచం మీద ప్రాణం విడవకూడదు. ఘడియలు దగ్గరపడ్డాయనుకుంటే నేలకు దించుతారు. ఒకసారి దించినవారిని మళ్లీ మంచమెక్కిస్తే ఇంట్లో ఇంకొకరు పోతారని నమ్మకం. పరుపు మీద పోతే ఆ పరుపు చాకలి కాటమయ్యకు చెందుతుంది.

"గోర్లు నల్లబడ్డయ్. దించుండ్రి" అంది జానమ్మ. ఆమె చూపు మాత్రం గోళ్ల మీద లేదు.

పాత బొంత నేల మీద పరచి, నాగులమ్మను దాని మీదకు మార్చారు. ఆ ఇంట్లో తర్వాత అందరూ "నాగులమ్మ నేలకు దిగింది" అనేవారు. 'దిగు' అకర్మకం, 'దించు' సకర్మకం. చేసినవారిని దాచడానికి అకర్మక క్రియ ఎంత అనువుగా ఉంటుందో నేను అక్కడే నేర్చుకున్నాను.

తెల్లవారి నాగులమ్మ కళ్లు తెరిచి అంబలి అడిగింది. జ్వరం దిగింది.

"నన్నెందుకు కింద పండవెట్టిండ్రు?"

మారయ్య తల వంచుకొని ఎడ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

లేవలేదు కాని, ఆమె చావనూ లేదు. నేలకు దించిన మూడో రోజుకు భుజం ఎర్రబడింది. ఆరో రోజుకు తుంటి మీద చర్మం లేచింది. చుట్టచుట్టిన పరుపు ఎదుటి గోడకు ఆనించి ఉండేది. కుడిపక్కకు తప్ప పడుకోలేని మనిషికి కళ్లు తెరిస్తే అదే కనిపించేది.

"జర పరుపన్న కిందెయ్యే జానమ్మా."

"సల్లగుండాల్నని గద పరుపు కుట్టుకుంటివి? నేలకంటె సల్లగ ఏముంది వదినె?"

నేను మారయ్యతో మాట్లాడాను. అతడు చెడ్డవాడు కాడు.

"ఎక్కిస్త సారూ. ఎక్కిచ్చినంక గీ ఇంట్ల ఎవలన్న పోతె మీరు తెచ్చిస్తరా?"

నేను చదివిన ఏ శాస్త్రంలోనూ అటువంటి నియమం లేదని చెప్పవచ్చు. చెప్పలేదు. వాళ్ల ఇంట్లో కిరాయికి ఉంటున్నాను.

పదో రోజున మైలబట్టలకు వచ్చిన కాటమయ్య వాకిట్లో నిలబడ్డాడు.

"పటేలా, నా హక్కు సంగతి ఫికర్ చెయ్యకు. నాకా పరుపొద్దు. పెద్దమ్మను దాని మీద పండవెట్టుండ్రి."

"నీకొద్దంటె అయిపాయెనా కాటమయ్యా? పీనుగు పండిన పరుపు మీద రేపు నేను పండుకోవాల్నా?" అంది జానమ్మ.

"నేనింక పీనుగును గాలేదే" అంది లోపలినుంచి నాగులమ్మ.

కాటమయ్య మూట ఎత్తుకొని వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో ఆమె కోసం అందరి ముందూ అడిగినవాడు అతనొక్కడే; నేను మారయ్య చెవిన వేసి ఊరుకున్నాను, అంతే.

పుండ్లు పెరిగాయి. ఈగలు తోలడానికి జానమ్మ ఓపికగా కూర్చొనేది; ఆ మాట కూడా చెప్పాలి. పథ్యం వండేది, బట్ట మార్చేది. పరుపు ఒక్కటే ఇవ్వలేదు. పద్నాలుగో రోజున మళ్లీ జ్వరం వచ్చింది. పదిహేడో రోజు ఉదయం జానమ్మ నా అర్ర గుమ్మంలోకి వచ్చింది. వేసవి సెలవులైనా ఓటర్ల జాబితా రాసే పని ఉండటంతో నేను ఊళ్లోనే ఉన్నాను.

"సారూ, జర బడి తాళంచెవి ఇయ్యుండ్రి. పాణం పోతె ఇల్లంత మైలైతది. పరుపు బడిల పెడ్తం. సర్కారు జాగకు మైలేముంటది?"

ఇచ్చాను. ఇవ్వడమే కాదు, పరుపు బరువుగా ఉందంటే ఒక కొస నేనూ పట్టుకున్నాను. బరువేమీ లేదు, బూరుగు దూది తేలిక. గుమ్మం ఇరుకు కావడంతో నాగులమ్మ తలాపు నుంచే దాటించవలసి వచ్చింది. ఆమె కళ్లు తెరిచి చూసింది. బతిమాలుతుందని భయపడ్డాను.

"సారూ" అంది. గొంతు పీలగా ఉన్నా మాట స్పష్టంగా ఉంది. "బడిల ఎలుకలుంటయ్. నేల మీద పెట్టకుండ్రి."

"ఇగ గదొక్కటి నాకు నేర్పాలె" అంది జానమ్మ, ముందు కొస లాగుతూ.

బడిలో రెండు బల్లలు జతచేసి, దుమ్ము తుడిచి, పరుపును వాటి మీద జాగ్రత్తగా పరిచాను. తాళం వేసి వచ్చాను. నాగులమ్మ ఇంకా రెండు రోజులు నేల మీదనే ఉండి, మూడో రోజు మధ్యాహ్నం పోయింది.