ఇచ్చి పుచ్చుకునే పుస్తకాలు

ఎల్బీనగర్‌లో రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ యెహెజ్కేలు ఇంట్లో రెండు బీరువాల నిండా నవలలుండేవి. అడిగినవాళ్లకల్లా ఇచ్చేవాడు. కండక్టర్ బుద్ధి ఎక్కడికి పోతుంది! చదవడం ఎక్కడ ఆపారో గుర్తుండాలని ప్రతి పుస్తకంలో ఒక పాత బస్సు టికెట్ పెట్టి మరీ ఇచ్చేవాడు.

కంటికి పొర కమ్మాక కూతురు గ్రేస్ ఈ-బుక్ రీడర్ కొనిచ్చింది. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవవుతాయి, వెయ్యి పుస్తకాలు అరచేతిలో ఇముడుతాయి, చెదల బాధ లేదు. నష్టమేమిటా అని ఆలోచిస్తే ఛార్జింగ్ పెట్టుకోవడం ఒక్కటే తట్టింది. నెల తిరక్కుండానే నవలలన్నీ బస్తాలకెత్తి బడంగ్‌పేట్‌లోని ఒక చర్చి లైబ్రరీకి పంపేశాడు.

ఆ ఆదివారం సరూర్‌నగర్ నుంచి అంజయ్య వచ్చాడు. పదేళ్లుగా వారం వారం ఒక నవల తెచ్చిచ్చి, ఇంకొకటి పట్టుకెళ్లే మనిషి. ఖాళీ బీరువాలు చూసి బిత్తరపోయాడు. యెహెజ్కేలు గొప్పగా రీడర్ చేతికిచ్చాడు.

“గిది నేను తీస్కపోతే నువ్వేం చదువుతవన్నా?” అంటూ అంజయ్య దాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టేశాడు. చాయ్ తాగి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. మూడు నెలలకు దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌లో కనబడితే యెహెజ్కేలు నిలదీశాడు. “ఇంటి దిక్కే వస్తలేవేంది అంజయ్యా?”

అంజయ్య ఇబ్బందిగా నవ్వాడు. “ఇచ్చేది లేదు, తీస్కునేది లేదు. ఊకెనే ఎట్ల ఒస్తనన్నా?”

యెహెజ్కేలు చేతిసంచిలోనే రీడర్ ఉంది. అందులో వెయ్యి నవలలున్నాయి. అంజయ్య చేతిలో పెట్టడానికి ఒక్కటీ లేదు.