ఊరోడి బండి

చార్మినార్ కట్టేటప్పుడు మా తాత బిక్షపతి అక్కడ ఉండి ఉంటే, రాళ్లు తోలేవాడితో బేరమాడి అదే ధరకు ఐదో మినార్ కూడా కట్టించేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల కొట్టుకు వచ్చినవాళ్లెవరైనా ఈ మాట ఒప్పుకుంటారు. కొత్తిమీర కొన్నా కట్ట విప్పి, లోపల గడ్డి ఉందేమో చూసే మనిషి.

ఒక్కచోట మాత్రం ఆయనకు నోరు లేవదు. పోచంపల్లి పక్కనున్న మా ఊరివాళ్లు ఏది అమ్మినా బేరం లేదు, తిరగేసి చూడటం లేదు. అక్కడ మగ్గం నేసే పెంటమ్మ ఊరి నుంచి చీరలు తెస్తే మడత కూడా విప్పడు. "మనోళ్ల చీర విప్పి చూసుడంటే ఆళ్ల మొకం మీద ఉమ్మేసినట్టే" అంటాడు.

మోకాళ్ల నొప్పితో నానమ్మ ఆటో ఎక్కలేకపోతోందని కారు కొందామనుకున్నప్పుడు, ఎల్బీనగర్‌లో పాత కార్లు అమ్మే నరేష్‌కుమార్ దగ్గరికే నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. నరేష్‌దీ మా ఊరే. పది తప్పి పట్నం వస్తే, తాతే కొట్టులో పడుకోబెట్టి, అన్నం పెట్టి, బతకడం నేర్పాడు. మా నాన్నను తిట్టాలనుకున్నప్పుడల్లా తాత నరేష్‌ను పొగుడుతాడు.

నరేష్ చూపించింది చార్జింగ్‌తోనూ పెట్రోల్‌తోనూ నడిచే కారు. మమ్మల్ని ఎక్కించుకుని కర్మన్‌ఘాట్ గుడిదాకా తిప్పి తెచ్చాడు. చప్పుడే లేదు. తాత మురిసిపోయాడు.

"మగ్గం ఆపినంక ఇల్లున్నట్టు ఉన్నది."

"చెక్ చేయిద్దాం తాతా."

"నీ పెండ్లికి పిలగాన్ని చెక్ చేయిద్దాం తీ. మనోని బండికి చెకింగేంది?"

నేనేమైనా ఊరుకునే రకమా. పాత కార్లు పరీక్షించే సంధ్యారాణి గారిని నరేష్ షెడ్డుకే పిలిచాను. తాతకు తల కొట్టేసినట్టయింది. "పోరి మొండిది, ఏమనుకోకు బిడ్డా" అని నరేష్‌కు చెప్పిందే చెప్పాడు.

ఆవిడ కారులో కూర్చుని, "బాబాయ్ గారూ, ఇంజిన్ చప్పుడు విన్నారా?" అని అడిగింది.

"చప్పుడే లేదమ్మా. గదే గొప్ప."

"చార్జింగ్ నిండుగా పెట్టారండీ, కారు దానితోనే నడిచింది, ఇంజిన్ లేవలేదు. లేస్తేనే కదా దాని జబ్బు తెలిసేది."

పెట్రోల్ మీద నడిచేలా ఏదో బటన్ నొక్కింది. డబ్బాలో కంకర పోసి ఊపినట్టు కారంతా కదిలింది. వెనక తెల్లటి పొగ. దిగి బానెట్ ఎత్తి చాలాసేపు చూసి, ఇంజిన్‌లోకి ఎప్పుడో వాన నీళ్లు పోయాయంది.

తాత నరేష్ వైపు తిరిగాడు. "నీకెరికేనా?"

నరేష్ తల వంచుకున్నాడు. "బయటోళ్లకు అమ్ముడుపోదు కాకా. ఆళ్లు చెక్ చేయిస్తరు."

తాత షెడ్డులోంచి బయటికి నడిచి ఆటో పిలిచాడు. ఆటోలో ఇంటికి వస్తుంటే, "తాతా, మరి పిలగాన్ని కూడా చెక్ చేయిద్దామా?" అన్నాను. నవ్వలేదు.

పోయిన వారం పెంటమ్మ చీరలు తెచ్చింది. తాత మొదటి చీర తీసుకుని, కొంగుదాకా విప్పి, ట్యూబ్‌లైటు కింద పట్టి చూశాడు. తర్వాత రెండోది. పెంటమ్మ మేమిచ్చిన చాయ్ ముట్టకుండా గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఏ చీరలోనూ తప్పు దొరకలేదు. అయినా చివరిదాకా విప్పుతూనే ఉన్నాడు.

ఇదంతా రాసి తాతకు చదివి వినిపించాను. పెంటమ్మ సంగతి దగ్గర ఏమైనా అంటాడేమోనని ఆగాను.

"ముందు రాసిన ఆ ఐదో మినార్ ముచ్చట కొట్టేయ్" అన్నాడు. "నరేష్‌గాడు చూస్తే నవ్వుతడు."