మూడు స్టార్ల ప్రశ్నలు

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద కొంచెం, గెస్ పేపర్ మీద పూర్తిగా నమ్మకం ఉండేది. పరీక్ష ఏదైనా కానివ్వండి, పాత పేపర్లు ఐదారు ముందేసుకుని కూర్చుంటే ఈసారి ఏమొస్తుందో చెప్పేయగలనని నా ధీమా. ఇంటర్ హాస్టల్లో నేను మూడు స్టార్లు పెట్టిన ప్రశ్న రాకుండా పోవడం అరుదు. (ఆ ప్రశ్నకు జవాబు ఎందుకు అదే అయిందో నాకు తెలిసి ఉండటం ఇంకా అరుదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.) స్నేహితులు నన్ను 'స్టార్ల స్వామి' అనేవారు. ఆ బిరుదుతోనే అమెరికా వచ్చి, కాపెల్ అనే ఊళ్ళో మా అక్కావాళ్ళింట్లో మేడమీద గదిలో దిగాను. పాతికేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం, పెళ్ళి కాలేదు. పిల్లల చదువు గురించి పెద్దవాళ్ళకు సలహాలు చెప్పడానికి ఇంతకంటే ఏం అర్హత కావాలి?

మా మేనకోడలు చిట్టి అప్పుడు ఐదో గ్రేడ్. ఒకరోజు అక్క స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళి ముఖం వేలాడేసుకుని వచ్చింది. రాష్ట్రం చదువు ప్రమాణాలు పెంచిందట, స్టేట్ టెస్ట్ కూడా మార్చేస్తోందట. మ్యాథ్స్‌లో తప్పినవాళ్ళని ఆరో గ్రేడ్‌లో రోజూ ఇంకో మ్యాథ్స్ క్లాసులో కూర్చోబెడతారట. ఆ గంట ఎక్కడి నుంచి తెస్తారంటే, పిల్లలు ఇష్టపడి ఎంచుకున్న క్లాసు తీసేసి తెస్తారు. చిట్టి ఎంచుకున్నది బ్యాండ్. అంతకు నెల ముందే స్కూల్ జిమ్‌లో పిల్లలందరి చేతా వాయిద్యాలు ఊదించి చూశారు. ఫ్లూట్ పలకలేదు, క్లారినెట్ కీచుమంది, ట్రంపెట్ మాత్రం ఈనబోతున్న గేదెలా ఒక్క అరుపు అరిచింది. ఆ క్షణం నుంచి పిల్లకి ఇంకో ధ్యాస లేదు. ప్రాక్టీస్ టెస్టుల్లో చూస్తే మార్కులు సరిగ్గా గట్టు మీద ఉన్నాయి, ఎటు పడతాయో తెలియదు. "ట్రంపెట్ పోతే పోయింది, అది ఊది ఎవరు బాగుపడ్డారు?" అన్నారు బావగారు. చిట్టి తింటున్న దోసె వదిలేసి పైకి వెళ్ళిపోయింది. అక్క నావైపు తిరిగి, నువ్వేమైనా చెయ్యగలవేమో చూడరా అంది.

నేను ఆ మాట కోసమే కూర్చున్నాను. స్టేట్ వాళ్ళు వెబ్‌సైట్‌లో పెట్టిన పాత పేపర్లన్నీ డౌన్‌లోడ్ చేశాను. ఆఫీసులో కూడా అంత పెద్ద ఎక్సెల్ షీట్ ఎప్పుడూ తయారు చెయ్యలేదు. ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చింది, ఏ ఏడాది రాలేదు, కాబట్టి ఈసారి వచ్చే అవకాశమెంత అని లెక్కలు కట్టి నలభై ప్రశ్నలు తేల్చి, ఒకటి, రెండు, మూడు స్టార్లు పెట్టాను. రోజూ సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర చిట్టి ఒకవైపు, నా లాప్‌టాప్ ఒకవైపు. మూడో వంతు పిజ్జాని నలుగురికి పంచాలంటే చిట్టి నోట్‌బుక్‌లో డబ్బాలు గీసి, గీసిన డబ్బాల్ని మళ్ళీ ముక్కలు చేసి, రంగులు వేసేది. ఈ బొమ్మలేంటే, నాలుగుని తిప్పేసి గుణించు, రెండు సెకన్ల పని అనేవాణ్ణి. "ఎందుకు తిప్పాలి మామా?" అని అడిగింది ఒకసారి. "తిప్పమన్నారు, తిప్పుతున్నాం" అన్నాను. సరే మామా అని తలూపి, మళ్ళీ డబ్బాలు గీసుకుంది.

ఈలోగా బావగారు ఊరుకోక (ట్రంపెట్ మీద లేని ప్రేమ ఆయనకు గెస్ పేపర్ మీద పుట్టుకొచ్చింది) నా పేపర్‌ని కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. ఇక చూడండి నా వైభవం. ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ఏరుకుంటుంటే ముక్కూ మొహం తెలియని వాళ్ళు వచ్చి నమస్కారం పెట్టారు. మా వీధి చివరింటి ఆంటీ ఒక డబ్బా నిండా పులిహోర తెచ్చిచ్చి, రెండు స్టార్లవి వదిలేస్తే ఫర్వాలేదా బాబూ అని గొంతు తగ్గించి అడిగారు. పథ్యం చెప్పే డాక్టర్‌లా కాసేపు ఆలోచించి, రిస్క్ వద్దండీ అన్నాను.

పరీక్ష రోజు అక్క చిట్టి నోట్లో పెరుగూ పంచదారా పెట్టి పంపింది. సాయంత్రం స్కూల్ బస్సు దిగగానే ఎదురెళ్ళి, మూడు స్టార్లవి ఎన్నొచ్చాయని అడిగాను.

"ఒక్కటీ రాలేదు మామా."

అసలు పేపర్ తీరే మారిపోయిందట. ఒక ప్రశ్నకు రెండు జవాబులు ఎంచుకోవాలట. భిన్నాల్ని మౌస్‌తో లాగి అంకెల గీత మీద పెట్టాలట. ఎవరో ఒక పిల్లవాడు లెక్క తప్పు చేశాడు, ఎక్కడ చేశాడు, ఎందుకు తప్పో రాయండి అన్నారట. గ్రూపులో ఆ సాయంత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. మర్నాడు పులిహోర ఆంటీ తలుపు కొట్టి డబ్బా తిరిగి తీసుకుని, "మీరు చదివింది ఏ కాలేజీ బాబూ?" అని మాత్రం అడిగి వెళ్ళారు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత నేను ఇండియన్ స్టోర్‌కి వెళ్ళడం మానేసి, ఇరవై మైళ్ళ అవతల ఇంకో స్టోర్‌లో కొత్తిమీర కొన్నాను. కానీ నిజంగా నన్ను తినేసింది ఆ పోయిన పరువు కాదు. చిట్టి బ్యాండ్‌లో చేరతానని నింపిన కాగితం ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉండేది. పాలు తీసినప్పుడల్లా దాన్ని చూసి, ఓ పసిపిల్ల ట్రంపెట్‌ని జూదంలో పెట్టి ఓడిపోయానే అని ఏడుపొచ్చేది.

సెలవులు మొదలయ్యాక రిజల్ట్స్ వచ్చాయి. అక్క కంగారులో పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి తెరుచుకుంది. చిట్టి పాసైంది, అదీ గట్టు మీద కాదు, బాగా ఇవతల. అక్క పిల్లని పట్టుకుని ఏడ్చేసింది. బావగారు స్క్రీన్‌ని రెండుసార్లు చదివి, ట్రంపెట్ అద్దెకిస్తారా, కొనుక్కోవాలా అని అడిగారు. నేనా? సిగ్గులేకుండా కాలర్ ఎగరేశాను. ప్రశ్నలు రాకపోయినా ప్రాక్టీస్ ఊరికే పోదు అని అందరికీ వినబడేలా అన్నాను.

చిట్టి నా చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది. "మామా, అమ్మకి చెప్పొద్దు. నేను నీ పేపర్ చెయ్యలేదు. ఫస్ట్ టూ పేజెస్ చేశా, దట్స్ ఇట్." రోజూ పొద్దున్నే స్కూల్ మొదలవకముందు వాళ్ళ టీచర్ దగ్గర కూర్చుని ఆ డబ్బాల పద్ధతిలోనే అన్నీ నేర్చుకుందట. నా ఎదురుగా గీసిన డబ్బాలన్నీ టీచర్ ఇచ్చిన హోంవర్కేనట.

"మరి రోజూ సాయంత్రం నా దగ్గర ఎందుకు కూర్చున్నావే?"

తల వంచుకుని చెప్పింది. "నువ్వు స్టార్స్ పెట్టేటప్పుడు సో హ్యాపీగా ఉన్నావు కదా. నీకు ఇక్కడ ఫ్రెండ్స్ లేరు అని అమ్మ చెప్పింది."

ట్రంపెట్ ఇంటికొచ్చిన ఆ ఆగస్టు నుంచి మా ఇంట్లో ఎవరికీ చెవులు సరిగ్గా వినబడేవి కావు. ఆ పాతికేళ్ళ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. పాపం, ఆ నెలన్నరా వాడు చిట్టికి ట్యూషన్ చెబుతున్నాననుకున్నాడు.