ఆసు నూలుతో క్రిస్మస్ చెట్టు

అరవైల మొదట్లో, నేను కాపురానికి వచ్చిన కొత్తలో, మా వీధి గదిలో ఒక నర్సమ్మ కిరాయికి ఉండేది. మాది నల్లగొండ వైపు చేనేత ఊరు. ఊళ్లో చిన్న దవాఖాన పెట్టినప్పుడు భర్తనూ ముసలి తల్లినీ వెంటబెట్టుకుని వచ్చింది. కిరస్తానీలని ఎవరూ ఇల్లివ్వలేదు. మా అత్త గది ఇచ్చింది కానీ, లోపలి గడప దాటి రాకూడదని ముందే చెప్పింది. తను కూడా ఏనాడూ వాళ్ల గడప తొక్కలేదు.

ఆ ఏడు వానాకాలంలో నర్సమ్మ భర్త జ్వరంతో పోయాడు. కొద్దిరోజులకే ఆమె మళ్లీ తెల్లచీర కట్టుకుని పనికి వెళ్లింది. ఇంట్లో ఆయన మాట ఎవరినీ ఎత్తనిచ్చేది కాదు. ఏడవగా నేను చూడలేదు.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం, నర్సమ్మ దవాఖానలో ఉండగా, ఆమె తల్లి నన్ను పిలిచింది. అవ్వ కళ్లకు పొర కమ్మింది. మనిషిని గొంతుతోనే గుర్తుపట్టేది.

“బిడ్డా, జర ఇటు రా. ఏటా మా అల్లుడు పట్నంల మిషన్ కాంపౌండుకు పోయి సరుగుడు కొమ్మ తెచ్చేటోడు. ఈసారి చెట్టూ గిట్టూ వద్దన్నది నా బిడ్డ. వద్దంటది గని, ఇంటికొచ్చి ఉత్త గోడ చూస్తే దాని పానం ఎట్లుంటదో. ఏదన్న కొమ్మ తెచ్చిపెడ్తవా?”

చేనుగట్టుకు వెళ్లి పూలున్న తంగేడు కొమ్మ విరుచుకొచ్చాను. అవ్వ దాన్ని నిలువెల్లా తడిమింది.

“పువ్వులు మంచిగున్నయి. గని చెట్టంటే మీద సన్నగుండి, కిందికి రాంగ రాంగ ఎడల్పు కావాలె. గిది గుత్తి లెక్కనే ఉన్నది.”

అత్త లోపలి వాకిట్లో ఆసు పోస్తోంది. ముడులు కట్టి రంగులద్దే చిటికి రుమాళ్లకు నూలు సిద్ధం చేసే చెక్క చట్రమే ఆసు. ఒక కొసన ఒకటే మేకు, ఎదురుగా వంపులో వరుసగా మేకులు. పోగులు పోసేకొద్దీ నూలు విసనకర్రలా విచ్చుకుంటుంది. అవ్వ మాట చెవిన పడి అత్త చెయ్యి ఆగింది. ఆసును ఒంటి మేకున్న కొస పట్టి పైకి లేపింది.

“అవ్వనడుగు, గిట్ల ఉండాల్నా అని.”

“అత్తా, పోగులు జారుతయి. రేపు పని ఉన్నది గద!” అన్నాను.

“ఎల్లుండి చేద్దం. ఆ దిక్కు పట్టు.”

ఇద్దరం మోసుకెళ్లాం. వాళ్ల గడప దగ్గర అత్త నిలబడిపోయింది. ఇక నేనొక్కదాన్నే లోపలికి లాగాలేమో అనుకున్నాను. ఆమె కాళ్లకంటిన దుమ్మును కొంగుతో తుడుచుకుని లోపలికి అడుగు పెట్టింది.

ఆసును గోడకు ఆనించాం. అవ్వ పైనుంచి కిందికి పోగులు నిమిరి, “గిదే, గిదే చెట్టు,” అంది. చీపురుపుల్లలు విరిచి, దారం చుట్టి, చూపు లేకుండానే నక్షత్రం చేసింది. అత్త ఎర్ర నూలు ముక్కలు ఏరి తెచ్చి ముడులు వేసింది. తంగేడు పూలు నేను గుచ్చాను.

దీపాలు పెట్టే వేళకు నర్సమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగి చాలాసేపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. సంచి కింద పెట్టి, అక్కడే కూలబడి, ఒక్కసారిగా ఏడ్చింది.

“పండుగపూట ఏడ్వకు బిడ్డా,” అంది అవ్వ కంగారుగా.

చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మా అత్త ఆమె పక్కన కూర్చుంది. “ఏడ్వనియ్యి అవ్వా. మా ఆయన పోయిన ఏడు నేను బతుకమ్మ పేర్వలే. పేర్చుకున్నా బాగుండునని ఇప్పటికీ అనిపిస్తది.”

కాసేపటికి నర్సమ్మ ముఖం తుడుచుకుంది. ఆయన పోయాక మొదటిసారి తనే ఆయన ముచ్చట తీసింది. “ఒక ఏడు కొమ్మను బస్సు దింపి, పక్కకు పెట్టి చాయ తాగవోయిండంట. వచ్చేసరికి మేకలు మేసినయి. బోడి కొమ్మనే తెచ్చి నిలవెట్టిండు!” అవ్వ పకపకా నవ్వింది. అత్త కూడా.

మర్నాడు నర్సమ్మ అరిసెలు తెచ్చింది. అత్త చేతులు చాచి తీసుకుంది. తను తినలేదు, నాకు ఇచ్చింది. ఆ మాత్రం పట్టింపు ఆమెకు ఇంకా మిగిలే ఉంది. కానీ అదే రోజు, “అవ్వను ఆ చలిగదిల ఎందుకు కూసోవెడ్తవు? గడప దాటించి మా వాకిట్లకు తీసుకరా,” అంది.

ఆ చలికాలమంతా అవ్వ మా వాకిట్లో ఎండపొడకు కూర్చునేది. పని చేసుకుంటూనే అత్త ఆమెతో ముచ్చట్లాడేది. చుట్టాలెవరైనా చూసి ముఖం చిట్లిస్తే అత్త తల ఎత్తకుండానే అనేది:

“ఆమె మా ఇంటి మనిషే. మీరు కూసోండ్రి.”