పది నిమిషాల కాలనీ

ఆ రోజుల్లో మా వైపు ఏ కాలనీలో ఎవరినడిగినా దిల్‌సుఖ్‌నగర్ పది నిమిషాలే. మెట్రో ఇంకా స్తంభాల దశలో ఉంది, నేను ఉద్యోగంలో కొత్త. ప్రాంతీయ ప్రణాళికలు తయారుచేసే ఓ చిన్న సంస్థలో పని. జనానికి బస్సు, బడి, దవాఖాన ఎంత అందుబాటులో ఉన్నాయో ఇల్లిల్లూ తిరిగి అడగాలి. అందిన కాలనీలకు మ్యాపులో పచ్చరంగు, అందనివాటికి ఎర్రరంగు. ఎర్రరంగు పడ్డచోటికి కొత్త బస్సు వేయమని సిఫారసు చేస్తారు. మా అల్మాస్‌గూడ కాలనీకి ఎర్రరంగు ఖాయమని నా ధీమా, ఎందుకంటే నేను కిరాయికి ఉండేది అక్కడే. (“పది నిమిషాలే” అన్న ఓనరంకుల్ మాట నమ్మి దిగాను. వానాకాలమంతా చెప్పులు చేతపట్టుకుని మెయిన్‌రోడ్డు దాకా నడిచాను. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.)

నా సంగతి సరే, ఓనరంకుల్ భార్య అవస్థ చూడలేకపోయేదాన్ని. ఆమెను పెద్దమ్మా అనేదాన్ని. షుగరు, మోకాళ్ల నొప్పులు. మలక్‌పేట దవాఖానకు పోవాలంటే కనబడ్డ ప్రతి గడప ముందూ కూర్చుంటూ బస్టాపు చేరాలి. “జర మన గల్లీకి బస్సొచ్చేటట్టు చూడు బిడ్డా, నీ పేరు చెప్పుకొని ఎక్కుత” అనేది. ఆమె కోసమైనా ఎర్రరంగు వేయించాలని పంతం పట్టాను.

సర్వే మొదలుపెట్టి మొట్టమొదట వాళ్లింటికే వెళ్లాను. సోఫాలో ఎవరో కొత్తవాళ్లు చాయ్ తాగుతున్నారు. ఓనరంకుల్ వాళ్లది ఆ ఊరి పాత రైతు కుటుంబం, మిగిలిన పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముతున్నారు. “బస్టాపుకి నడిచి ఎంతసేపు అంకుల్?” అన్నాను. “గదేం సవాలమ్మా? ఐదు నిమిషాలు” అన్నాడు తొణక్కుండా. (ఆయన బండి దిగి నడిచిందెప్పుడు?) నాకు ఒళ్లు మండింది. “పెద్దమ్మా, మీరు చెప్పండి” అన్నాను. మోకాలు రుద్దుకుంటున్న పెద్దమ్మ నావైపు చూసింది, ప్లాటు కొనడానికొచ్చినవాళ్లవైపు చూసింది.

“ఎంతసేపు బిడ్డా? గిట్ల పోయి గట్ల ఒస్త” అంది.

గల్లీ గల్లీ అంతా ఇదే వరస. ఒకరికి అమ్మే ప్లాటుంది, ఒకరికి కిరాయికిచ్చే పోర్షనుంది. దూరమంటే రేటు పడిపోదూ! మా కాలనీ మ్యాపులో నిగనిగలాడే పచ్చగా తేలింది, బస్సు ఇంకో దిక్కుకి పోయింది. “అంతా అబద్ధమండీ, రోజూ నడిచి చస్తున్నది నేను!” అని మా బాస్ టేబుల్ మీద గుద్దాను. రాజమండ్రి మనిషి, నింపాదిగా “జనమే చెప్పారు కదమ్మా, మనమేం చేస్తాం చెప్పు?” అన్నాడు. మర్నాడు పెద్దమ్మ చెప్పులు వేసుకుంటూ, “ఏంది బిడ్డా, బస్సు రాకపాయె?” అని నన్నే నిలదీసింది! కోపంతో కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత మనసొప్పక, చెయ్యి పట్టుకుని నేనే మెయిన్‌రోడ్డు దాకా దిగబెట్టేదాన్ని.

ఈమధ్య నాదర్‌గుల్‌లో మా ఫ్లాటు అమ్మకానికి పెట్టాం. కొనేవాళ్లు హాల్లో కూర్చుని ఉండగా, చేతిలో ట్యాబుతో ఓ సర్వే అమ్మాయి వచ్చింది. “ఆంటీ, ఎల్బీనగర్ మెట్రోకి ఎంతసేపు పడుతుంది?” అంది. కొనేవాళ్లు చాటుగా చెవులు రిక్కించారు.

“పది నిమిషాలే” అన్నాను.

నా నోటితోనే అన్నాను! కొనేవాళ్లకు చాయ్ పెట్టే వంకతో వంటింటి వైపు వెళ్లి, వెనక గుమ్మంలోంచి ఆ అమ్మాయి వెనకే లిఫ్టు దాకా పరుగెత్తాను. మోకాలు కలుక్కుమంది. “ముప్పావుగంట అని మార్చమ్మా!”

“అయ్యో ఆంటీ, సబ్మిట్ అయిపోయింది.”

లిఫ్టు తలుపు మూసుకుంది. మోకాలు రుద్దుకుంటూ అక్కడే నిలబడ్డాను, నవ్వాగలేదు. ఇన్నేళ్లుగా నీమీద దాచుకున్న కోపాన్ని ఇప్పుడెవరిమీద చూపించను పెద్దమ్మా?