నాగమ్మ పేర్చిన పెంటకుప్ప

1981 ఎండాకాలంలో నన్ను నారాయణఖేడ్ పంచాయతీ సమితికి డెప్యుటేషన్ మీద పంపారు. నేనప్పుడు వ్యవసాయ ప్రచార విభాగంలో ఆర్టిస్టును. హోదాలో గుమస్తా కంటే ఒక మెట్టు కింద, డ్రైవరు కంటే ఒక మెట్టు పైన. జీపులో మాత్రం డ్రైవరు ముందు కూర్చునేవాడు, నేను వెనక రంగు డబ్బాల మధ్య. పై అధికారులు రైతులకు చెప్పదలచుకున్న సంగతులను ప్లైవుడ్ బోర్డుల మీద బొమ్మలుగా వేయడమే నా ఉద్యోగం. సర్కారు బొమ్మల్లో ఆవులు ఎప్పుడూ నవ్వుతూ ఉంటాయి, రైతు తలపాగా ఎప్పుడూ మాయదు. హైదరాబాదులో చిత్రకళ చదువుకుని ఏదో పొడిచేద్దామనుకున్నవాణ్ణి, చివరికి నవ్వే ఆవుల దగ్గర తేలాను.

ఆసారి నాకిచ్చిన అంశం కంపోస్టు. వానలు మొదలయ్యే మిరుగం కార్తెకు ముందు, వారపు అంగడి జరిగే రోజున, సమితి ఆవరణలో రైతుల ప్రదర్శన పెట్టాలని నిర్ణయించారు. ఇంటి చెత్త, పేడ, పొయ్యి బూడిద ఒకదాని మీద ఒకటి ఎలా వేయాలో చూపిస్తూ నేనొక నిలువుకోత బొమ్మ వేయాలి. నిలువుకోత అంటే కుప్పను కత్తితో కోసినట్టు లోపలి పొరలన్నీ కనబడేలా వేసే బొమ్మ. నకలు వేసుకోమని ఒక అచ్చు పుస్తకం కూడా ఇచ్చారు. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయే పని. కానీ అచ్చుబొమ్మకు నకలు తీసీ తీసీ అప్పటికే విసుగెత్తి ఉన్నాను. నిజం కుప్ప ఒకటి కోసి ఉంటే చూపించమని గ్రామసేవకుణ్ణి అడిగాను. కంగ్టి దారిలో ఒక పల్లె ఉందనీ, అక్కడ శరణప్ప అనే రైతు ఇంట్లో కుప్ప సగం కోసి ఆగిపోయిందనీ, దాని మీద తండ్రీకొడుకులకు మాటల్లేవనీ చెప్పాడు.

మా వైపు పెంటకుప్ప అంటే తిట్టు కాదు, ఆస్తి. ఏడాది పొడుగునా ఇల్లు ఊడ్చిన చెత్త, కొట్టం పేడ, పొయ్యిలో బూడిద అన్నీ దాని మీదికే పోతాయి. వానలకు ముందు బండ్ల మీద చేనుకు తోలుతారు. దీపావళినాడు దాని మీద కూడా ఒక దీపం పెడతారు.

మేం వెళ్ళేసరికి శరణప్ప కుప్పకు ఎదురుగా రాయి మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, మెడలో లింగకాయ, మాట తక్కువ. కొడుకు బస్వరాజు మమ్మల్ని చూడగానే మొదలుపెట్టాడు.

“నువ్వన్న చెప్పు సారు. మిరుగం నెత్తి మీదికొచ్చింది. రెండు బండ్లు తీసిన్నో లేదో, వచ్చి అడ్డం నిలవడ్డడు. చేన్ల పెంట వొయ్యకుంటే కందులు ఏడికెళ్ళి పండుతయి? కుప్పను జూసుకుంట కూసుంటే కడుపు నిండుతదా?”

తండ్రి తల తిప్పలేదు. “తియ్యనియ్య,” అన్నాడు. అంతే.

నేను కుప్ప దగ్గరికి వెళ్ళి చూశాను. బస్వరాజు రెండు బండ్లు తీసిన పక్క నిలువునా తెగి, గోడలా నిలబడి ఉంది. నిజం చెబుతున్నాను, నా చేతిలో సంచి అట్లాగే కింద పెట్టేశాను. అడుగున నల్లటి మన్ను. దాని మీద సన్నటి చారలు, ఒకటి పేడది, ఒకటి బూడిదది, మళ్ళీ పేడది, జొన్నరొట్టెలు దొంతి పెట్టినట్టు సమంగా ఉన్నాయి. ఒకచోట మామిడి టెంకలు, కొంచెం పైన పెసర పొట్టు, ఇంకా పైన బతుకమ్మ పేర్చగా మిగిలిన తంగేడు కాడలు పసుపు వన్నె పూర్తిగా వదలకుండా. ఒక ఇంటి ఏడాదంతా అక్కడ నిలబడి ఉంది. ఇంత అందమైన గోధుమ రంగులు నేను ఏ డబ్బాలోనూ చూడలేదు.

కానీ నడుము ఎత్తు దగ్గర ఆ సొగసు ఉన్నట్టుండి ఆగిపోయింది. అక్కడ ఒక మట్టి ప్రమిద బోర్లా పడి ఉంది. దాని పైన పొరలే లేవు. పేడ గడ్డలు గడ్డలుగా, బూడిద ఒక మూల పోగుగా, పగిలిన పెంకులు, తెగిన చెప్పు, అన్నీ గోడ అవతల నుంచి విసిరేసినట్టు ఏటవాలుగా జారి ఉన్నాయి. ఇక్కడేం జరిగిందని అడిగాను.

“గా దీపం దాంక నాగమ్మ వేసింది,” అన్నాడు శరణప్ప. “మా ఇంటిది. దీపావళికి కుప్ప మీద దీపం వెట్టింది. వారం తిరగలే, జరమొచ్చి పోయింది. గా మీదిదంత మేం వేసింది.”

నాగమ్మ రోజూ పొద్దున కుప్ప ఎక్కి, పేడ గడ్డలను చేత్తో చిదిపి, పారతో సాపు చేసి, బూడిద చల్లి, గిన్నెలు కడిగిన నీళ్ళు చిలకరించి దిగేదట. ఇంట్లో ఇద్దరు మగవాళ్ళే మిగిలాక ఎవరికీ ఓపిక లేదు. గోడ దగ్గర నిలబడి విసిరేశారు. కుప్ప కోసేదాకా ఆ తేడా శరణప్పకే తెలియదు. కోసిన రోజు కళ్ళబడింది. ఆమె చేతిపని ఇంట్లో ఇంకేదీ మిగల్లేదు, ఇదీ బండెక్కితే ఇక ఏమీ ఉండదు. అందుకే అడ్డం నిలబడ్డాడు. బస్వరాజుదీ తప్పు కాదు, తల్లి మీద బెంగ ఉన్నా చేను ఆగదు.

నేను దీని బొమ్మ వేస్తానన్నాను. ఉన్నది ఉన్నట్టు, ప్రమిదతో సహా. శరణప్ప అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

“గీసినంక నలుగురు చూస్తరా?”

“తాలూకా అంతా చూస్తుంది.”

“చూస్తే ఇది నాగమ్మ పనని ఎర్కయితదా?”

అవుతుందన్నాను. ఆ మాట నమ్మే అన్నాను. మంచి బొమ్మకు మాటలు అక్కర్లేదని, అది తన సంగతి తానే చెప్పుకుంటుందని కాలేజీలో మాకు నూరిపోశారు. నేను దాన్ని వేదవాక్కనుకున్నాను.

రోజూ పొద్దున్నే బోర్డు తీసుకుని వెళ్ళి, ఎండ నెత్తికెక్కేదాకా వేసేవాణ్ణి. అడుగుపూతగా తెల్ల డిస్టెంపరు, దాని మీద పసుపు పేవిడి, ఎర్ర గేరు, నల్లటి మసి. బూడిద చారలకు మాత్రం ఏ రంగు కలిపినా కుదరలేదు. అప్పుడు శరణప్పే ఒక పాత ధోవతి ముక్క తెచ్చి, నాగమ్మ చల్లిన బూడిదను కోసిన ముఖం నుంచి గీరి, వడకట్టి ఇచ్చాడు. దాన్ని తుమ్మజిగురులో కలిపి చారలు పెట్టాను. నా ఉద్యోగంలో చెయ్యి తనంతట తాను కదిలింది ఆ నాలుగైదు పొద్దులే. బస్వరాజు కూడా పని మానుకుని వచ్చి, వెనక నిలబడి, “అవ్వ గిట్లనే వేసేది” అని తల్లిని తలుచుకుని తనలో తాను అనుకునేవాడు. బొమ్మ పూర్తయిన రోజున శరణప్ప దాన్ని దూరం నుంచీ దగ్గర నుంచీ చూసి, కొడుకుతో, “ఇగ తోలుకపో,” అన్నాడు. సాయంత్రానికి కుప్ప చేనెక్కింది.

ప్రదర్శనకు ముందు రోజు మా అధికారి తనిఖీకి వచ్చాడు. చెడ్డవాడు కాదు, పని తెలిసిన మనిషి. బొమ్మ ముందు ఆగి, బాగుందన్నాడు. తర్వాత, ఇందులో సందేశం ఏదని అడిగాడు. నేను నాగమ్మ సంగతి చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. “రైతుకు కథ వద్దయ్యా, పద్ధతి కావాలి,” అని తానే ఉపాయం చెప్పాడు. ప్రమిద దగ్గర అడ్డంగా ఎర్ర గీత, కింది సగానికి ‘ఒప్పు’, పై సగానికి ‘తప్పు’. తల మీద ‘శాస్త్రీయ పద్ధతిలో ఎరువు తయారీ’. అడుగున శాఖ పేరు. బోర్డు మీద వ్యక్తుల పేర్లు రాయకూడదన్నది మా నిబంధన, ఆర్టిస్టు పేరుతో సహా. ఎరువు లెక్కన ఆయన మాటలో పొల్లు లేదు. అక్షరాలు నేనే రాశాను, ఎర్ర గుణకారం గుర్తు కూడా నేనే పెట్టాను.

మరునాడు అంగడికొచ్చిన జనమంతా ఆ బోర్డు ముందే మూగారు. నా నవ్వే ఆవుల వైపు ఎవరూ పోలేదు. శరణప్ప ఉతికిన ధోవతి కట్టుకుని, కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయనకు చదువు రాదు. ఎర్రగా రాసిందేందని కొడుకును అడిగాడు. బస్వరాజు నా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, పైనుంచి చదివాడు. శీర్షిక, తప్పు, ఒప్పు, అడుగున శాఖ పేరు. చదవడం అయిపోయింది. ముసలాయన చెవి అట్లాగే కొడుకు వైపు పెట్టి నిలబడి ఉన్నాడు.

“ఇంక?”

“గంతే నాయినా.”

“అవ్వ పేరు?”

“లేదు.”

ఆయన కోప్పడలేదు. తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. బూడిద చార ఒకదాని మీద వేలు పెట్టి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మెల్లగా జరిపాడు. “సరిగ్గనే రాసిండ్రు సారు,” అన్నాడు నాతో. “ఆమె ఉన్నన్నాళ్ళు మంచిగుండె. ఆమె పొయినంక గిట్లయింది. గని ఆమె ఎవరో గీళ్ళకెట్ల తెలుస్తది?”

ప్రదర్శన అయ్యాక బోర్డు పక్కనున్న మనూర్, కల్హేర్ ఊళ్ళకు పోయింది, అక్కడి నుంచి జిల్లా గోదాముకు. అది సర్కారు సొత్తు కాబట్టి శరణప్పకు ఇప్పించలేకపోయాను. మరుసటి ఏడాది ఇంకో పథకం కోసం దాని మీద సున్నం కొట్టారని తెలిసింది. కుప్ప చేన్లో కలిసిపోయింది, బొమ్మ సున్నం కింద పోయింది. ఆయనకు రెండూ లేకుండా పోయాయి.

ఆ తర్వాత నేను వేసిన ప్రతి బోర్డు మీదా, ఎవరి పని చూసి వేశానో వాళ్ళ పేరు ఒక మూల రాస్తూ వచ్చాను. నిబంధన ప్రకారం చాలావాటిని చెరిపించారు, కొన్ని అధికారుల కంటబడక మిగిలాయి. బొమ్మ చాలా సంగతులు చెబుతుంది. పేరు మాత్రం చెప్పదు, అది రాయాల్సిందే.