ఈతకొలనులో పాత లైటు

నేను కరెంటు పనివాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేదాంట్లో నా తప్పు తేలికైపోతుంది. ఇరవై రెండేళ్లుగా ఒక స్టీలు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సెక్షన్లో ఉన్నాను. షిఫ్టు మొదలయ్యే ముందు పదిమందిని నిలబెట్టి, తడి చేతులతో స్విచ్చి ముట్టుకోవద్దు, ట్రిప్పర్‌ని తప్పించి లైను కలపొద్దు అని రోజూ ఉపన్యాసం దంచేవాణ్ణి నేనే. చెప్పేవన్నీ శ్రీరంగనీతులు.

పెందుర్తిలో మేం కొన్న ఇల్లు పాతది. కట్టించిన కాంట్రాక్టరు సరదాపడి పెరట్లో ఈతకొలను కూడా తవ్వించుకున్నాడు. మేం వచ్చేనాటికి అందులో పాచి, కప్పలు, సగం ఊడిన టైల్సు. పూడ్చేసి కొబ్బరి మొక్కలు వేద్దామనుకున్నాను. అంతలో డాక్టరు మా అమ్మ మోకాళ్లు చూసి, నీళ్లలో నడిస్తే మంచిదన్నాడు. ఇంకేం, బాగుచేయించడం మొదలుపెట్టాను. పగుళ్లు పూడ్పించాను, పంపు మార్చాను, ఫిల్టర్లో కొత్త ఇసుక పోయించాను. నీళ్ల లోపల గోడకి ఉన్న పాత లైటు ఒక్కటే మిగిలింది. గాజు మసకబారింది గాని వెలుగుతోంది కదా, తర్వాత చూద్దాంలే అని వదిలేశాను.

ఆ లైటు వేసినప్పుడల్లా ట్రిప్పర్ పడిపోయేది. కరెంటు లీకైతే క్షణంలో సరఫరా ఆపే పరికరం అది. దాని పని అది చేస్తోంది. నేనేమో వానాకాలం తేమకి అలాగే పడుతుందిలే అనుకున్నాను. మా అమ్మాయి పుట్టినరోజు సాయంత్రం, చుట్టాలు వచ్చేస్తున్నారన్న చిరాకులో, దాన్ని తప్పించి లైటుకి నేరుగా లైను కలిపేశాను. రేపు సరిచేద్దామనుకున్నాను. ఆ రేపు మూడు వారాలైనా రాలేదు.

రోజూ డ్యూటీ నుంచి రాగానే, పొద్దు వాలే వేళకి, లైటు వేసేవాణ్ణి. అమ్మ గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగేది. మూడో రోజో నాలుగో రోజో అంది:

"కాళ్లు జివ్వుమంటన్నాయిరా. ఆ లైటు గోడకాడికెల్తే మరీని."

"అది సుగరమ్మా. పదేళ్లనించీ నీకు తిమ్మిర్లే కదా! మాత్రేసుకున్నావా? మొన్న పెళ్లిలో లడ్డూ తిన్నావా లేదా, నిజం సెప్పు."

"తిన్నాన్లే. లడ్డూ తింటే నీల్లల్లోనే జివ్వుమంటాదేటి?" అని గొణిగింది.

మళ్లీ అంటే మళ్లీ కసిరాను. ఆ తర్వాత అనడం మానేసింది. ఇంకో గొడవ మొదలైంది. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు, అప్పుడప్పుడే ఈత వస్తోంది. అది లైటు వైపు ఈదబోతే చాలు, అమ్మ వెళ్లి అడ్డంగా నిలబడేది. "ఎప్పుడూ ఆ మూలే ఏటమ్మా నీకు? జరుగు, పిల్లని ఈదనీ!" అని ఒడ్డునుంచి అరిచేవాణ్ణి. వింటేనా! చాదస్తం ముదిరిపోతోందని మా ఆవిడతో అన్నాను కూడా.

ఆదివారం, లైటు పక్కన రెండు టైల్సు ఊడితే అతికించడానికి మా ఊరి మేస్త్రీ వచ్చాడు. నీళ్లు లైటు అంచుదాకా తగ్గించాం. అమ్మ ఎప్పట్లాగే లోపల ఉంది. పాప మెట్ల మీద, దిగడానికి తయారుగా ఉంది. మబ్బు పట్టి చీకటిగా ఉందని, మేస్త్రీకి కనపడాలని, లైటు నేనే వేశాను. అతను ఒడ్డున బోర్లా పడుకుని చెయ్యి కిందికి చాపాడు. వేళ్లు లైటు రింగుకి తగిలాయో లేదో, కెవ్వుమని వెనక్కి పొర్లాడు.

"బావా! షాకు! నీల్లల్లో కరెంటుంది బావోయ్!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "పాపా, దిగకు! అమ్మా, కదలకు! గోడ ముట్టుకోకు!" అని అరిచాను. పాప ఏడుపు మొహంతో ఆగిపోయింది. అమ్మ లైటుకి మూరెడు దూరంలో ఉంది. దూకి ఆవిణ్ణి లాగేయాలని కాళ్లు ముందుకి పోతున్నాయి. దూకకూడదు, ముందు సరఫరా తియ్యాలి. రోజూ నేను చెప్పేదే. బోర్డేమో పెరటి ఆ చివర పంపు గదిలో ఉంది. అమ్మ వైపు వీపు తిప్పి పరుగెత్తాను. పాతిక అడుగులుంటాయేమో. వెనక చప్పుడైతే ఏం వినాల్సి వస్తుందోనని భయం, ఏ చప్పుడూ లేకపోతే ఇంకా భయం. మెయిన్ కిందికి లాగేశాను.

తిరిగి చూస్తే అమ్మ అక్కడే నిలబడి ఉంది. "ఏటయిందిరా?" అంది.

ఆవిణ్ణి మెట్లెక్కించి కూర్చోబెట్టాక లైటు విప్పాను. లోపల నీళ్లు. వైరు తొడుగు చివికిపోయి రాగి బయటపడింది. మేస్త్రీ బోర్డు దగ్గరికి కూడా వచ్చి, ట్రిప్పర్‌ని తప్పించి కలిపిన వైరు చూశాడు.

"ఎవుడు బావా ఈ ఎదవ పని సేసింది?"

"నానే," అన్నాను. అతను తల తిప్పుకున్నాడు.

అమ్మ దగ్గరికి వచ్చి పాదాలు తుడిచాను. "అంత జివ్వుమంటంటే అక్కడికెందుకెల్లీదానివమ్మా?"

"సుగరన్నావు. సదూకున్నోడివి, నిజమే అనుకున్నాను. అయినా ఆ గోడకాడ ఏదో ఉందనిపించీది. పిల్ల అటెల్లిపోద్దేమోనని అడ్డంగా నిలబడ్డాను."

జరుగు, జరుగు అని ఇన్నాళ్లూ ఒడ్డునుంచి అరిచినవాణ్ణి నేనే.